అలెర్జీ తెచ్చేవీ యాంటీబాడీలే, తగ్గించేవీ యాంటీబాడీలేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీకు ఇంటి దుమ్ములో ఉండే మైట్స్ (కంటికి కనిపించని చిన్న పురుగులు) పడవు. దానికి అలెర్జీ ఇంజెక్షన్లు మొదలుపెట్టి ఏడాది కావస్తోంది. కొత్త రిపోర్టులో మైట్‌కు వ్యతిరేకంగా ఉన్న యాంటీబాడీలు (రోగనిరోధక వ్యవస్థ తయారుచేసే ప్రోటీన్లు) తగ్గకపోగా పెరిగాయి, డాక్టరుగారు మాత్రం అది మంచిదే అన్నారు. మీ రెండేళ్ల బాబుకు ఎగ్జిమా (దురద పెట్టే చర్మ వాపు) ఉంది. వేరుశనగ ఏ ఇబ్బందీ లేకుండా తింటున్నాడు, కానీ రక్తపరీక్షలో వేరుశనగకు ఐజీఈ అనే యాంటీబాడీ పాజిటివ్ వచ్చింది. ఇవి చాలవన్నట్టు ఎవరో చెప్పగా ఐజీజీ ఫుడ్ ప్యానెల్ (ఆహారాలకు ఐజీజీ అనే మరో రకం యాంటీబాడీ ఉందేమో చూసే పరీక్ష) కూడా చేయించారు. అందులో పాలు, గుడ్డు, గోధుమ అన్నీ ఎర్ర రంగులో వచ్చేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. యాంటీబాడీ ఉంటే అలెర్జీ ఉన్నట్టేనా? అలాగైతే యాంటీబాడీలను పెంచడం చికిత్స ఎలా అవుతుంది? ఇదీ మీరు అడిగినది.

నేను చాలా ఏళ్లుగా అలెర్జీ రోగులనే చూస్తున్నాను. దాదాపు ఇవే రిపోర్టులు చేతిలో పట్టుకుని, ఇదే కంగారుతో వచ్చే తల్లిదండ్రులు నాకు కొత్త కాదు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఒక పదార్థానికి వ్యతిరేకంగా యాంటీబాడీ ఉందంటే, మీ రోగనిరోధక వ్యవస్థ ఆ పదార్థాన్ని ఎప్పుడో చూసింది, గుర్తు పెట్టుకుంది అని మాత్రమే అర్థం. చూసి ఏం నిర్ణయించుకుంది అన్నది వేరే సంగతి. ఆ నిర్ణయం యాంటీబాడీ ఏ తరగతిదో, దాన్ని ఆ దారి పట్టించిన టి కణాలు (రోగనిరోధక వ్యవస్థను నడిపించే తెల్ల రక్తకణాలు) ఏ రకమో బట్టి తెలుస్తుంది. సహనం, అంటే ఆ పదార్థాన్ని శరీరం గొడవ లేకుండా ఒప్పుకోవడం, స్పందన లేకపోవడం కాదు. అది కూడా శరీరం పనిగట్టుకుని ఇచ్చే స్పందనే.

అలెర్జీలో అసలు పాత్రధారి ఐజీఈ. రక్తంలో ఉండే ఐదు తరగతుల యాంటీబాడీలలో ఇదే అతి తక్కువ. ఐజీజీ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. ఐజీఈ రెండు రోజుల్లోనే సగానికి తగ్గిపోతుంది. అయినా ఇది ఇంత అల్లరి ఎందుకు చేస్తుందంటే, దాని అసలు మకాం రక్తం కాదు. చర్మంలో, ముక్కు లోపలి పొరలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో మాస్ట్ కణాలు ఉంటాయి. వాటి మీద ఐజీఈని గట్టిగా పట్టుకునే గ్రాహకాలు ఉంటాయి. ఆ పట్టు ఎంత గట్టిదంటే, అక్కడికి చేరిన ఐజీఈ వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. అంటే మాస్ట్ కణం మందు కూరి పెట్టిన తుపాకీలా ముందుగానే సిద్ధంగా ఉంటుంది.

అలెర్జెన్ (అలెర్జీ తెచ్చే పదార్థం) వచ్చి ఒక్క ఐజీఈకి అతుక్కుంటే ఏమీ జరగదు. ఒకే అలెర్జెన్ అణువు పక్కపక్కనే ఉన్న రెండు ఐజీఈలను ఒకేసారి పట్టుకుని దగ్గరకు లాగాలి. అప్పుడే కణంలోకి సంకేతం వెళ్తుంది. ఇక నిమిషాల్లో హిస్టమిన్, ట్రిప్టేజ్ అనే రసాయనాలు బయటకు వస్తాయి. వాటి వెంట ల్యూకోట్రైన్లు, ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. దురద, దద్దుర్లు, తుమ్ములు, పిల్లికూతలు, తీవ్రమైతే బీపీ పడిపోవడం, అన్నీ ఇక్కడి నుంచే. కొన్ని గంటల తర్వాత ఇసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలు చేరి రెండో విడత వాపు తెస్తాయి. పొద్దున దుమ్ము దులిపినవాళ్లకు సాయంత్రం మళ్లీ ముక్కు దిబ్బడ వేయడానికి కారణం చాలాసార్లు ఇదే. ఈ 'రెండింటిని కలిపి లాగడం' అన్న మాట గుర్తుంచుకోండి. మీ ఇంజెక్షన్ల సంగతి దాని మీదే ఆధారపడి ఉంది.

అలెర్జీని మోసుకెళ్లేది రక్తంలోని ఏదో పదార్థమే అని తేల్చిన ప్రయోగం 1921 నాటిది. బ్రెస్లావ్‌లో (ఇప్పటి పోలాండ్‌లోని వ్రోత్స్వాఫ్) కార్ల్ ప్రౌస్నిట్జ్, హైంజ్ క్యూస్ట్నర్ అనే ఇద్దరు వైద్యులు ఉండేవారు. క్యూస్ట్నర్‌కు చేప పడదు. అతని రక్తం నుంచి తీసిన సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) ప్రౌస్నిట్జ్ తన చర్మంలోకి కొద్దిగా ఎక్కించుకుని, మర్నాడు అదే చోట చేప సారాన్ని గుచ్చుకున్నాడు. చేప వల్ల ఏ ఇబ్బందీ లేని మనిషి చర్మం మీద సరిగ్గా అక్కడ దద్దు లేచింది. ఆ పదార్థం ఏమిటో తెలియడానికి మరో 45 ఏళ్లు పట్టింది. 1966లో అమెరికాలోని డెన్వర్‌లో కిమిషిగే, టెరుకో ఇషిజాకా దంపతులు దాన్ని పట్టుకున్నారు. వాళ్లతో సంబంధం లేకుండా స్వీడన్‌లోని ఉప్సలాలో జోహాన్సన్, బెన్నిచ్ ఒక మైలోమా (ఒక రకం రక్త క్యాన్సర్) రోగి రక్తంలో అదే ప్రోటీన్‌ను 1967లో చూపించారు. రెండూ ఒకటేనని తేలాక 1968లో ఐజీఈ అన్న పేరు ఖాయమైంది.

ఇప్పటి స్కిన్ ప్రిక్ టెస్ట్‌లో మేం చూసేది కూడా ఆ చర్మపు దద్దునే, కాకపోతే మీ చర్మంలో మీ సొంత ఐజీఈ. ముంజేతి లోపలి వైపు వరుసగా అలెర్జెన్ చుక్కలు పెడతాం. వాటితోపాటు ఒక చివర ఉత్త ఉప్పునీటి చుక్క, ఇంకో చివర హిస్టమిన్ చుక్క ఉంటాయి. ఒక్కో చుక్క గుండా చిన్న సూదిమొనతో రక్తం రాకుండా పైపైన గుచ్చి పదిహేను నిమిషాలు ఆగుతాం. ముందు దురద, తర్వాత చుట్టూ ఎరుపు, మధ్యలో దోమ కుట్టినట్టు తెల్లటి ఉబ్బు. ఉప్పునీటి చోటు కంటే ఆ ఉబ్బు 3 మిల్లీమీటర్లు పెద్దదైతే పాజిటివ్. హిస్టమిన్ పెట్టిన చోట కూడా ఉబ్బు రాలేదంటే చాలాసార్లు అంతకుముందు యాంటీహిస్టమిన్ మాత్ర వేసుకున్నారన్నమాట, ఆ రోజు పరీక్షకు విలువ లేదు.

అయితే పాజిటివ్ అంటే ఏమిటి? మాస్ట్ కణాల మీద ఆ పదార్థానికి సరిపోయే ఐజీఈ ఉంది. అంతే. మేం దీన్ని సెన్సిటైజేషన్ అంటాం. అలెర్జీ అనాలంటే తిన్నప్పుడో, పీల్చినప్పుడో లక్షణాలు రావాలి. సెన్సిటైజేషన్ ఉండి హాయిగా తినేవాళ్లు చాలామంది ఉంటారు. దీనికి కారణాలు ఒకటి రెండు కావు. ఐజీఈ ఉన్నా అది తక్కువ కావచ్చు, పట్టు బలహీనం కావచ్చు. ఒకే ఒక్క చోటును గుర్తుపట్టే ఐజీఈ అయితే రెండింటిని కలిపి లాగడం కుదరదు. మొక్కల ప్రోటీన్ల మీద ఉండే చక్కెర గొలుసులను గుర్తుపట్టే ఐజీఈ అయితే రిపోర్టులో అంకె కనిపిస్తుంది, ఒంట్లో సాధారణంగా ఏమీ జరగదు.

వేరుశనగనే తీసుకోండి. అందులో చాలా ప్రోటీన్లు ఉన్నాయి. ఆరా హెచ్2 అన్నది గింజలో నిల్వ ఉండే ప్రోటీన్. వేడికి, జీర్ణరసాలకు అంత తేలిగ్గా లొంగదు. దానికి ఐజీఈ ఉంటే నిజమైన అలెర్జీ ఉండే అవకాశం ఎక్కువ, దాన్ని సీరియస్‌గా తీసుకోవాలి. ఆరా హెచ్8 అలా కాదు. అది బర్చ్ చెట్టు పుప్పొడిలోని ఒక ప్రోటీన్‌ను పోలి ఉంటుంది, వేడికి, జీర్ణరసాలకు చెదిరిపోతుంది. దానికి మాత్రమే ఐజీఈ ఉన్నవాళ్లకు సాధారణంగా మహా అయితే నోట్లో కాస్త దురద. మామూలు రిపోర్టులో ఈ రెండూ కలిసిపోయి 'వేరుశనగ పాజిటివ్' అని ఒకే ముక్కగా వస్తాయి. అందుకే విడివిడి ప్రోటీన్లకు చేసే కాంపొనెంట్ పరీక్ష అడగమంటాను.

ఇక మీ ఇంజెక్షన్ల సంగతి. ఇది నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం.

అలెర్జెన్‌నే కొద్దికొద్దిగా ఇస్తూ పోయే ఈ చికిత్స 1911 నాటిది. లండన్‌లో లియొనార్డ్ నూన్ పుప్పొడి అలెర్జీకి దీన్ని ప్రచురించాడు. అది ఎలా పనిచేస్తుందో అప్పుడు తెలియదు. 1930లలో రాబర్ట్ కుక్ బృందం చికిత్స తీసుకున్న రోగి సీరంలో అలెర్జీ స్పందనను అడ్డుకునే ఏదో పదార్థం ఉందని చూపింది. దానికి 'అడ్డుకునే యాంటీబాడీ' అని పేరొచ్చింది. దానిలో ప్రధానమైనది ఐజీజీలోనే ఒక ఉపతరగతి అయిన ఐజీజీ4 అని ఇప్పుడు తెలుసు. చికిత్స మొదలైన కొన్ని నెలల్లో అలెర్జెన్‌కు సంబంధించిన ఐజీజీ4 పదింతల నుంచి వందింతల దాకా పెరగవచ్చు. తమాషా ఏమిటంటే మొదట్లో ఐజీఈ కూడా కాస్త పెరుగుతుంది, ఏళ్ల మీద మెల్లగా దిగుతుంది. కాబట్టి మీ రిపోర్టులో పెరిగినది ఏ తరగతో ముందు చూసుకోండి. ఐజీజీ4 అయితే అనుకున్నట్టే జరుగుతోంది. ఐజీఈ అయినా మొదటి ఏడాదిలో కంగారు పడాల్సిన పని లేదు.

ఐజీజీ4 ఏం చేస్తుంది? అలెర్జెన్ మాస్ట్ కణం దాకా చేరేలోపే దాన్ని పట్టుకుని, ఐజీఈ అతుక్కోవలసిన చోటును కప్పేస్తుంది. దీని నిర్మాణంలో ఒక విచిత్రం ఉంది. మామూలు యాంటీబాడీకి రెండు చేతులూ ఒకే లక్ష్యాన్ని పట్టుకుంటాయి. ఐజీజీ4 అణువులు మాత్రం ఒంట్లో తిరుగుతూ తమలో తాము సగం సగం మార్చుకుంటాయి. ఈ సంగతి 2007లో స్పష్టమైంది. చివరకు ఒక చేయి మైట్ ప్రోటీన్‌ను పట్టుకుంటే రెండో చేయి ఇంకేదో పట్టుకునే అణువు తయారవుతుంది. అలాంటిది అలెర్జెన్లను ముద్దలుగా కట్టలేదు, కాంప్లిమెంట్ వ్యవస్థను (వాపు రేపే రక్త ప్రోటీన్లను) కూడా సరిగా రెచ్చగొట్టలేదు. వాపు రేపకుండా అడ్డం నిలబడటానికే దీన్ని చేసినట్టు ఉంటుంది. దీనికి తోడు ఐజీజీ మాస్ట్ కణం మీద ఉన్న నిరోధక గ్రాహకం ద్వారా కూడా ఆ కణాన్ని శాంతింపజేస్తుంది.

తేనెటీగలు పెంచేవాళ్లు దీనికి సహజ ఉదాహరణ. పదేపదే కుట్టించుకునే వాళ్ల రక్తంలో తేనెటీగ విషానికి ఐజీజీ4 చాలా ఎక్కువగా ఉంటుంది, కుట్టినా పెద్దగా స్పందన రాదు. ఇంకా నేరుగా రుజువు కావాలంటే 2018లో ప్రచురించిన పిల్లి అలెర్జీ ప్రయోగం ఉంది. పిల్లి అలెర్జీకి ముఖ్య కారణం ఫెల్ డి1 అనే ప్రోటీన్. దాన్ని రెండు వేర్వేరు చోట్ల కప్పే రెండు ఐజీజీ4 యాంటీబాడీలను ల్యాబ్‌లో తయారుచేసి, పిల్లి పడనివాళ్లకు ఒక్క డోసు ఇచ్చారు. ముక్కు లక్షణాలు తగ్గాయి. అక్కడ టి కణాలను మార్చలేదు, ఏళ్ల తరబడి చికిత్స లేదు. తగిన చోట కూర్చునే యాంటీబాడీ ఒక్కటే అలెర్జీని అణచగలదని అది చూపింది.

అలాగని ఐజీజీ4 మంచిది, ఐజీఈ చెడ్డది అని గీత గీయకండి. పెంఫిగస్ అనే బొబ్బల వ్యాధిలో చర్మ కణాలను కలిపి ఉంచే ప్రోటీన్ మీద దాడి చేసేవి ఎక్కువగా ఐజీజీ4 యాంటీబాడీలే. కండరాలు బలహీనపడే మస్క్ రకం మయస్థీనియా జబ్బులోనూ అంతే. అడ్డుకోవడం దాని స్వభావం. అడ్డుకున్నది పుప్పొడి అయితే మేలు, మన సొంత ప్రోటీన్ అయితే జబ్బు. ఐజీఈకి కూడా పరాన్నజీవులైన పురుగులను, కొన్ని విషాలను ఎదుర్కోవడంలో పాత్ర ఉంది.

మరి యాంటీబాడీలను తయారుచేసే బి కణం ఐజీఈ చేయాలా, ఐజీజీ4 చేయాలా అని ఎవరు చెబుతారు? ముఖ్యంగా టి కణాలు. అవి ఇంటర్‌ల్యూకిన్-4, 13 అనే సంకేత ప్రోటీన్లను విడుదల చేస్తే బి కణం ఐజీఈ వైపు మళ్లుతుంది. దానితోపాటు ఇంటర్‌ల్యూకిన్-10 బాగా ఉంటే ఐజీజీ4 వైపు మొగ్గుతుంది. ఈ ఇంటర్‌ల్యూకిన్-10ను ఇచ్చేవాటిలో రోగనిరోధక స్పందనను అదుపులో ఉంచే నియంత్రక టి కణాలు ముఖ్యమైనవి. 1995లో షిమోన్ సకగుచి వీటిని వేరుగా గుర్తించాడు. 2001లో మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ ఫాక్స్‌పి3 జన్యువును పట్టుకున్నారు. ఆ జన్యువే ఈ కణాలకు ఆధారమని తర్వాత తేలింది. ఈ ముగ్గురికీ 2025లో వైద్య నోబెల్ వచ్చింది. ఫాక్స్‌పి3 చెడిపోయి పుట్టిన మగపిల్లలలో ఐపెక్స్ అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. ఆగని విరేచనాలు, పసితనంలోనే మధుమేహం, ఒళ్లంతా ఎగ్జిమా, విపరీతంగా పెరిగిన ఐజీఈ, ఆహార అలెర్జీలు. సొంత శరీరం మీద సహనం, తిండి మీద సహనం రెండూ ఒకే కణాల చేతిలో ఉన్నాయనడానికి ఇంతకంటే బాధాకరమైన రుజువు లేదు.

మీ చికిత్సలో లోతైన మార్పు కూడా ఈ టి కణాల్లోనే. కందిరీగ, తేనెటీగ విషానికి చేసే ఇమ్యూనోథెరపీ (అలెర్జెన్‌నే కొద్దికొద్దిగా ఇచ్చే ఇదే చికిత్స) సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు నడుస్తుంది. ఆపేశాక ఐజీజీ4 మెల్లగా తగ్గిపోతుంది, కానీ చాలామందిలో రక్షణ మిగిలే ఉంటుంది. అంటే యాంటీబాడీ చేసేది కొంత పనే. అంకె పెరగలేదని నిరాశపడటం, పెరిగిందని మందులు మానేయడం రెండూ వద్దు. ఒక మనిషికి చికిత్స పనిచేసిందా అన్నది ఐజీజీ4 అంకె చెప్పదు. మీ ముక్కు, మీ నిద్ర, మీరు వాడే మందుల మోతాదు చెబుతాయి.

అలెర్జీ ఎందుకు మొండిగా తిరిగి వస్తుందన్న ప్రశ్నకు కూడా ఈమధ్య మంచి ఆధారం దొరికింది. ఐజీఈ చేసే కణాలు చాలావరకు ఎక్కువ కాలం బతకవు. 2024లో వచ్చిన రెండు పరిశోధనలు అలెర్జీ జ్ఞాపకాన్ని ఐజీజీ రూపంలో దాచుకుని, అలెర్జెన్ మళ్లీ కనిపించగానే ఐజీఈకి మారగల ప్రత్యేక బి కణాలను చూపించాయి. రేపటి చికిత్సలు గురిపెట్టాల్సింది వాటినే అని నా అభిప్రాయం. ఇప్పుడు వాడుతున్న ఒమాలిజుమాబ్ ఐజీఈని పట్టుకునే యాంటీబాడీ. ఆస్తమాకు అమెరికాలో 2003 నుంచి, ఆహార అలెర్జీకి 2024 నుంచి అనుమతి ఉంది. పొరపాటున కొద్దిగా నోట్లోకి వెళ్తే ప్రమాదం జరగకుండా కాపాడటానికి బాగా పనికొస్తుంది. అయితే అది సహనాన్ని నేర్పదు, మానేస్తే రక్షణ పోతుంది.

ఇప్పుడు మీ బాబు. చెడిన చర్మం గుండా లోపలికి వెళ్లిన ఆహార ప్రోటీన్ శరీరాన్ని అలెర్జీ వైపు నెడుతుంది, నోటి గుండా వెళ్లినది సహనం వైపు నడుపుతుంది. ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఆహార ఐజీఈలు పాజిటివ్ రావడం అందుకే అంత మామూలు. లండన్ కింగ్స్ కాలేజీలో గిడియన్ లాక్ బృందం చేసిన లీప్ ట్రయల్ 2015లో వచ్చింది. తీవ్రమైన ఎగ్జిమా గానీ గుడ్డు అలెర్జీ గానీ ఉన్న 4 నుంచి 11 నెలల పసివాళ్లు 640 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వేరుశనగ ఇస్తూ వచ్చారు, రెండో గుంపుకు పూర్తిగా మాన్పించారు. ఐదేళ్ల వయసుకు మానినవాళ్లలో 17.2 శాతం మందికి వేరుశనగ అలెర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3.2 శాతం మందికే. తిన్నవాళ్లలో వేరుశనగ ఐజీజీ4 బాగా పెరిగింది. అంటే సహనం వచ్చిన పిల్లల రక్తంలోనే ఆ యాంటీబాడీలు ఎక్కువ.

ఈ ఒక్క వాక్యంతో మీ ఐజీజీ ప్యానెల్‌కు జవాబు వచ్చేసింది. పాలు, గుడ్డు, గోధుమ రోజూ తినేవాళ్లకు వాటి మీద ఐజీజీ ఉంటుంది, ఉండాలి కూడా. ఆ ఎర్ర రంగు మీరు ఏం తింటున్నారో చెబుతుంది, ఏం మానాలో చెప్పదు. యూరోపియన్ అలెర్జీ అకాడమీ 2008లోనే ఆహార అలెర్జీ నిర్ధారణకు ఐజీజీ4 పరీక్ష వద్దని రాసింది. అమెరికా, కెనడా అలెర్జీ నిపుణుల సంఘాల మాట కూడా అదే. ఆ కాగితం చూసి పసివాడి పళ్లెంలోంచి పాలు, గుడ్డు తీసేస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. ఇలాంటి ప్యానెళ్లు అమ్మడం చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది, ఎందుకంటే నష్టపోయేది పిల్లలు.

వేరుశనగ విషయంలో నా మాట స్పష్టంగా చెబుతాను. ఇన్నాళ్లూ ఇబ్బంది లేకుండా, మామూలు మోతాదులో తింటుంటే కేవలం ఐజీఈ అంకె చూసి మీ అంతట మీరు ఆపకండి. ఎగ్జిమా ఉన్న పిల్లలు మామూలుగా తింటున్న పదార్థాన్ని ఇలా మాన్పించి, నెలల తర్వాత మళ్లీ పెట్టినప్పుడు తీవ్రమైన అలెర్జీ వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తినడం వల్ల నిలబడి ఉన్న సహనం, తినడం ఆపితే పోవచ్చు. ఒకవేళ ఇప్పటికే ఆపేసి కొన్ని వారాలు దాటితే మాత్రం ఇంట్లో తిరిగి మొదలుపెట్టకండి. అలెర్జీ డాక్టరు ఎదుట, మందులు దగ్గర పెట్టుకుని, కొద్దికొద్దిగా పెంచుతూ తినిపించే ఫుడ్ ఛాలెంజ్ చేయించండి. ఈలోగా చర్మానికి మాయిశ్చరైజర్, డాక్టరు రాసిన క్రీము శ్రద్ధగా వాడండి. ఎగ్జిమా అదుపులో ఉంటే కొత్త అలెర్జీలకు దారి ఇరుకవుతుందని ఆశించడానికి కారణం ఉంది.

ఎప్పుడైనా తిన్న నిమిషాల్లో, లేదా ఒకటి రెండు గంటల్లో, దద్దుర్లతోపాటు వాంతులు, గొంతు బొంగురు, ఆయాసం, మగతలాంటివి వస్తే అది అనాఫిలాక్సిస్ అనే ప్రాణాపాయమైన అలెర్జీ స్పందన. దానికి మొదటి మందు తొడ కండరంలో అడ్రినలిన్ ఇంజెక్షన్. యాంటీహిస్టమిన్ సిరప్ పోసి చూద్దామని ఆగకూడదు. మీ ఇంజెక్షన్ల తర్వాత కూడా కనీసం అరగంట క్లినిక్‌లోనే కూర్చోండి. ఏడాదిగా ఏమీ కాలేదు కదా అని ముందే లేచి వెళ్లిపోకండి. ఆ వారం జ్వరం గానీ, ఆస్తమా ఎక్కువగా ఉండటం గానీ జరిగితే సూది వేయించుకునే ముందే నర్సుకు చెప్పండి, డోసు వాయిదా వేస్తారు.